దిండు పట్టుకుని చూసే సినిమా

ఫిమేల్ సర్జికల్ వార్డుకు సిస్టర్ ఇన్‌ఛార్జిగా నాకు పోస్టింగ్ వచ్చింది కోవిడ్‌కు రెండేళ్ళ ముందు, వానలు మొదలైన జూన్ నెలలో. బైలదిల్లా కొండల కింద, ఇనుప ఖనిజం తవ్వే ఒక టౌన్‌షిప్పులోని ఆసుపత్రి అది. పేరు అనవసరం. అంతకు ముందు ఆపరేషన్ థియేటర్లో స్టాఫ్ నర్సుగా చాలాకాలం చేశాను. స్టాఫ్ నర్సు పని చేస్తుంది. ఆ పని సరిగ్గా జరగకపోతే సిస్టర్ ఇన్‌ఛార్జి తిట్లు తింటుంది. ఆ పైన మేట్రన్ ఉంటుంది, ఆవిడ తిడుతుంది. మా శాఖలో హోదాల గురించి ఇంతకంటే తెలుసుకోవలసింది ఏమీ లేదు.

వార్డులో సగంమంది కంపెనీ ఉద్యోగుల భార్యలు, తల్లులు. శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి వచ్చి ఈ కొండల కింద స్థిరపడ్డవాళ్ళు. మిగతా సగం చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు. ఒకరిది గోండీ, ఒకరిది హల్బీ, దక్షిణాన కోంటా వైపు వాళ్ళది దొర్లీ కలిసిన తెలుగు. డాక్టర్లది హిందీ. ఒక్క డ్రెస్సింగ్ రౌండు ముగిసేసరికి 'కదలొద్దు' అన్న ఒక్క మాటనే నేను నాలుగు రకాలుగా అనవలసి వచ్చేది. నాలుగు రకాలుగానూ వాళ్ళు కదిలేవాళ్ళు.

వార్డు చివర గోడకు ఒక టీవీ ఉండేది. ఆఫీసర్ల భార్యల క్లబ్బువాళ్ళు దానమిచ్చింది. దాతల పేర్లు చెక్కిన ఇత్తడి రేకు టీవీ తెర కంటే బాగా తోమి ఉండేది. కేబుల్ కనెక్షన్ వానలకు ఎప్పుడూ పనిచేయదు. పనిచేసేది పెన్‌డ్రైవ్ పెట్టుకునే రంధ్రం ఒక్కటే. వరహాలమ్మ అనే పేషెంటు ఒక సినిమాను తెచ్చి అందులోనే పెట్టింది.

వరహాలమ్మ భర్త గనిలో షవల్ ఆపరేటరు, అంటే ఖనిజాన్ని తవ్వి డంపర్లలో పోసే పెద్ద యంత్రం నడిపే మనిషి. ఆమెకు గర్భసంచి తీసేశారు. పొట్ట కింద అడ్డంగా కోత, కుట్లు. ఆపరేషన్ అయిన రెండో రోజునే భర్తచేత ఇంటినుంచి పెన్‌డ్రైవ్ తెప్పించుకుంది. అందులో ఉన్నది ఒకే ఒక్క సినిమా. పాతకాలపు కుటుంబ హాస్యచిత్రం. పేరు చెప్పను. చెబితే దాని అభిమానులు నా ఇంటికి వస్తారు, వాళ్ళకు టీ పెట్టే ఓపిక నాకు లేదు.

ఆ సినిమాను నేను చిన్నప్పుడు చూశాను, నచ్చలేదు. ఉద్యోగంలో చేరాక క్లబ్బులో చూడవలసి వచ్చింది, అప్పుడూ నచ్చలేదు. ఒక ఇల్లు, నలుగురు కొడుకులు, ముగ్గురు కోడళ్ళు, ఒక చెవిటి తాత. నాలుగో కొడుకు ఎవరికీ చెప్పకుండా పెళ్ళి చేసుకుని, పెళ్ళాన్ని వంటమనిషి అని చెప్పి అదే ఇంట్లో పెడతాడు. ఎవరైనా ఒక్క నిజం చెబితే పదో నిమిషంలో ముగిసిపోయే కథ. ఎవరూ చెప్పరు. ఒకడు మీసం అంటించుకుని వస్తే సొంత తల్లి పోల్చుకోదు. అందరూ వరసగా వడ్లగాదెలో పడతారు. పెద్దకోడలు మొదటినుంచి చివరిదాకా రుబ్బురోలు ముందు కూర్చుని ఉంటుంది. సినిమా మొత్తంలో ఆవిడకున్న డైలాగు 'వస్తున్నానండీ' అన్నదొక్కటే. జీవితమంతా అలా రుబ్బి, మోసి, కని, చివరికి గర్భసంచి తీయించుకుని పడుకున్న ఆడవాళ్ళు ఆ సినిమాకు అందరికంటే ఎక్కువ నవ్వేవాళ్ళు. ఆ కాపీలో రంగులు వెలిసిపోయి పాత్రలన్నీ కామెర్లొచ్చినట్టు పచ్చగా ఉండేవి. అందరికీ బిలిరుబిన్ పరీక్ష రాయాలనిపించేది.

దర్శకుడిది మరీ ఘోరం. చూసేవాళ్ళకు బుర్ర ఉంటుందని ఆయనకు ఎక్కడా నమ్మకం లేదు. తాత పెడర్థం తీయబోయే ముందు ప్రతిసారీ కళ్ళద్దాలు తీసి తుడుస్తాడు. వెనకాల వీణతీగ ఒకటి 'టొంయ్' అంటుంది. కెమెరా వెళ్ళి ఆయన చెవిని దగ్గరగా చూపిస్తుంది. జోకు వస్తోంది, సిద్ధంగా ఉండండి అని మూడుసార్లు చాటింపు వేసి, ఆ తర్వాత జోకు వేస్తాడు.

మా సర్జన్ డాక్టర్ తివారీ బిలాస్‌పూర్ మనిషి. చేయి మంచిది, నోరు కాదు. ఒక మధ్యాహ్నం రౌండుకు వచ్చేసరికి వార్డంతా నవ్వుతోంది. కుట్లున్న పొట్టలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆయన గుమ్మంలోనే ఆగి, ఇది ఆసుపత్రా మేళానా అని నన్ను అడిగాడు. పొట్ట గోడను పొర పొరగా కుట్టేది తానని, కుట్టు తెగితే లోపలి పేగులు బయటికి వస్తాయని, మళ్ళీ కుట్టవలసింది కూడా తానేనని హిందీలో గుర్తుచేశాడు. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. టీవీ బంద్ అని ఆర్డరు వేశాడు. డాక్టరు ఆర్డరు సిస్టరుకు నచ్చినా నచ్చకపోయినా అమలు చేయాలి. ఇది నాకు చాలా నచ్చింది.

టీవీ దగ్గరికి నడిచి, స్విచ్ మీద చెయ్యేసి, వెనక్కి తిరిగాను. తెరమీద అప్పటికి నవ్వడానికి ఏమీ లేదు. తాత కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. కానీ వార్డులో ఆపరేషన్ అయిన ప్రతి ఆడమనిషీ దిండు తీసి పొట్టకు అదుముకుని, రెండు చేతులూ దానిమీద బిగించి కూర్చుని ఉంది. వీణ మోగింది. తాత పెడర్థం తీశాడు. అందరూ పగలబడి నవ్వారు. ఒక్క ముఖంలోనూ నొప్పి లేదు.

కోత మీద దిండు అదిమి దగ్గడం, తుమ్మడం మా చదువులో ఉన్నదే. స్ప్లింటింగ్ అంటారు. కోసిన చోటుకు బయటినుంచి ఆధారం ఇస్తే కుట్లమీద లాగుడు తగ్గుతుంది. ప్రతి పేషెంటుకూ నేర్పుతాం. ఎవరూ చేయరు. ఎందుకంటే తుమ్ము చెప్పి రాదు.

"మీకిది ఎవరు నేర్పారు?" అని వరహాలమ్మను అడిగాను.

"మీరే కదమ్మా మొన్న సెప్పినారు, దగ్గొచ్చే ముందల దిండు అట్టుకోమని" అంది. "దగ్గెప్పుడొస్తాదో నాకేటి తెలుసు? ఈ బొమ్మలో నవ్వెప్పుడొస్తాదో తెలుసు. ముప్పైసార్లు సూసినాను. తాత అద్దాలు తుడిసినాడంటే అట్టుకోడమే. ఈలందరికీ నానే సెప్పినాను."

విన్నాను. ఆర్డరు ఆర్డరే కాబట్టి టీవీ కట్టేశాను. వరహాలమ్మ ఆ సాయంత్రం నాతో మాట్లాడలేదు. అది నాకు విశ్రాంతిగానే ఉంది.

ఆ తర్వాత ఆమె పక్క మంచం మీదికి సోయం ముత్తమ్మ వచ్చింది. కోంటా వైపు, ఎర్రబోరు దగ్గర పల్లె. కొడుకు మా టౌన్‌షిప్పులో కాంట్రాక్టు కూలీ. కొడుకును చూడటానికి వచ్చినప్పుడు కడుపునొప్పి మొదలై, పేగుకు చిల్లు పడిందని తేలింది. తివారీ అర్జెంటుగా పొట్ట నిలువునా తెరిచి, చిల్లు కుట్టి, లోపల కడిగి మూశాడు. ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది. ఆ తర్వాతే అసలు చిక్కు. ముత్తమ్మ గాలి పీల్చడం మానేసింది.

పూర్తిగా కాదు. పైపైన, పిట్టలా పీల్చేది. పెద్ద కోత పడ్డవాళ్ళు నొప్పికి అలాగే చేస్తారు. లోతుగా పీల్చకపోతే, దగ్గి కఫం తీయకపోతే ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకుపోతుంది. అక్కడ కఫం నిలవై న్యుమోనియాకు దారితీస్తుంది. అందమైన ఆపరేషన్ చేయించుకుని ఛాతీ నిండి చనిపోయినవాళ్ళను నా సర్వీసులో చూశాను. అందుకని ఫిజియోథెరపిస్టును పిలుస్తాం. ఆయన మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా తెచ్చి, దీని గొట్టంలోంచి గట్టిగా పీలిస్తే బంతులు లేస్తాయని హిందీలో చెప్పాడు. ముత్తమ్మ డబ్బాను చూసి ముఖం పక్కకు తిప్పుకుంది. దగ్గమన్నాడు. దగ్గలేదు. 'పేషెంట్ నాట్ కోఆపరేటివ్' అని కేసుషీటులో రాసి వెళ్ళిపోయాడు. మా వృత్తిలో రోగికి మన మాట అర్థం కానప్పుడల్లా రాసే వాక్యం అది.

మూడో రోజుకు జ్వరం వచ్చింది. వేలికి తగిలించిన ఆక్సీమీటర్లో ఆక్సిజన్ అంకె పడిపోతూ ఉంది. ఎడమ ఊపిరితిత్తి కింద శ్వాస సరిగా వినిపించడం లేదని తివారీ స్టెతస్కోపు తీస్తూ చెప్పాడు. యాంటీబయాటిక్ మార్చాడు. మర్నాటికి మెరుగవకపోతే జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి పంపుతానని, అక్కడ గొంతులో గొట్టం వేసి ఊపిరి ఆడించే మిషన్ మీద పెట్టాల్సి రావచ్చని కొడుకుతో అన్నాడు. మిషన్ మీద పెట్టడం అన్న మాటను ఆ అబ్బాయి ఎలా అర్థం చేసుకున్నాడో గాని, తల్లి కాళ్ళు పట్టుకుని ఏడవడం మొదలుపెట్టాడు. అది చూసి ముత్తమ్మ ఇంకా బిగుసుకుపోయింది.

కొడుకును బయటికి పంపి, మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఎందుకు దగ్గవు అని ఆమె తెలుగులోనే అడిగాను. అప్పటిదాకా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. దగ్గు, దగ్గు అని అరవడమే.

"దగ్గితె పేగు బాయిటికొస్తది సిస్టరమ్మ" అంది. "మా ఊర్ల ఒకడు గిట్లనే పొట్ట కోపిచ్చుకొని వచ్చిండు. ఇంటికాడ దగ్గిండు. కుట్లు పటుక్కున తెగినై. నా కండ్లతోని జూసిన. మీరందరు దగ్గుమంటరు. తెగితె ఎవడు పట్టుకుంటడు? ఏంది మీ చదువు?"

తెగవని చెప్పాను. "గా డాక్టరు కూడ వానికి గట్లనే చెప్పిండు" అంది. ఆమెను తప్పుపట్టలేకపోయాను. ఎందుకంటే కుట్లు తెగడం అబద్ధం కాదు, అరుదు. అరుదు అన్న మాట పుస్తకాల్లో పనికొస్తుంది. కళ్ళారా చూసిన మనిషి ముందు దానికి విలువ లేదు. ఆమె మొండిది కాదు. సాక్ష్యం అడుగుతోంది. మా ఆసుపత్రి మొత్తంమీద ఆమెకు సాక్ష్యం చూపించగలిగింది, నాకు చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది, ఆ చెత్త సినిమా ఒక్కటే.

తివారీ గదికి వెళ్ళాను. ఆర్డరును సిస్టరు మార్చకూడదు, మార్చమని అడగవచ్చు. ఒక్క మధ్యాహ్నం టీవీ కావాలన్నాను. కారణం చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టి, "సిస్టర్, ఆప్ భీ?" అన్నాడు, మీరు కూడానా అన్నట్టు. సినిమా మీద నాకున్న అభిప్రాయం ఆయనకున్నదాని కంటే హీనమని, కావాలంటే రాసిస్తానని చెప్పాను. అందరికీ పొట్టపట్టీలు కట్టి ఉండాలని, ముత్తమ్మకు ముందుగా నొప్పి ఇంజెక్షన్ ఇవ్వాలని, ఆక్సిజన్ తీయకూడదని షరతులు పెట్టి ఒప్పుకున్నాడు. మూడూ సబబైన షరతులే.

ఇంజెక్షన్ పని మొదలుపెట్టాక ముత్తమ్మను తలవైపు ఎత్తి కూర్చోబెట్టి, దిండు ఒళ్ళో పెట్టాం. వరహాలమ్మకు ఏం కావాలో చెప్పాను. కోపం అంతా మరిచిపోయి, పెళ్ళిపెద్దలా మంచం మీద సర్దుకుని కూర్చుంది.

సినిమా మొదలైంది. తాత వచ్చాడు, అద్దాలు తీశాడు. ముత్తమ్మ టీవీ వైపు చూడలేదు. ఆమె చూపంతా వరహాలమ్మ పొట్టమీద ఉంది. వరహాలమ్మ దిండు అదిమింది, నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. ముత్తమ్మ అలాగే చూస్తోంది. రెండో జోకు, మూడో జోకు. ఇక ఉండబట్టలేక, "ఏది, జూపియ్యి" అంది.

"ఏటి సూపించాలి?"

"తెగిందేమొ జూపియ్యి."

వార్డు మధ్యలో చీర తొలగించడానికి వరహాలమ్మ క్షణం కూడా ఆలోచించలేదు. నేనే పరుగెత్తి గుమ్మానికున్న కర్టెన్ లాగాను. పట్టీ వదులు చేసి డ్రెస్సింగ్ చూపించాను. తెల్లగా ఉంది. ఒక్క చుక్క లేదు. ముత్తమ్మ వంగలేదు గాని, మెడ చాచి చాలాసేపు చూసింది. తర్వాత ఎదురు మంచంలో గాల్‌బ్లాడర్ తీయించుకున్న హల్బీ మనిషి వైపు వేలు చూపించింది. ఆమె కూడా నవ్వుతూ తన డ్రెస్సింగ్ చూపించింది. అదీ తెల్లగానే ఉంది.

తెరమీద తాత మళ్ళీ అద్దాలు తీశాడు. "ఇదిగో, తుడుస్తన్నాడు. అట్టుకో!" అంది వరహాలమ్మ. ముత్తమ్మ దిండు పట్టుకుంది. వేళ్ళు బిగుసుకోవడం నేను చూశాను. వీణ మోగింది. వార్డంతా నవ్వింది.

ముత్తమ్మ నవ్వలేదు. దగ్గింది. చాలా చిన్న దగ్గు, అరువు తెచ్చుకున్నట్టు. ఆగి, దిండు ఎత్తి కింద చూసుకుంది. మళ్ళీ అదిమి ఇంకోసారి దగ్గింది, ఈసారి కొంచెం లోతుగా. నొప్పికి కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆపలేదు. తాత జోకు వేసిన ప్రతిసారీ వాళ్ళు నవ్వారు, ఈమె దగ్గింది. కాసేపటికి కఫం కదిలింది, ముద్దలు ముద్దలుగా వచ్చింది. కఫం ఉమ్మడానికి కిడ్నీ ట్రే పట్టుకుని నేను పక్కన నిలబడ్డాను. డ్యూటీలో ఉండగా ఆ సినిమాను మొదటినుంచి చివరిదాకా చూసింది ఆ ఒక్కసారే. గాదెలో పడే దృశ్యం నేను అనుకున్నదాని కంటే పొడుగుగా ఉంది.

మర్నాడు ఉదయం ఆక్సిజన్ అంకె మెరుగైంది. ఇంకో రోజుకు జ్వరం దిగింది. తివారీ ఎడమవైపు స్టెతస్కోపు పెట్టి, ఊఁ అన్నాడు. జగదల్‌పూర్ మాట మళ్ళీ ఎత్తలేదు. యాంటీబయాటిక్ కూడా తన పని తాను చేసింది, కాదనను. ముత్తమ్మ బంతుల డబ్బాను కూడా తానే అడిగి తీసుకుంది.

సినిమా గురించి ఆమె తీర్పు నాకు నచ్చింది. "గా ముసలోడు ఏం పని చెయ్యడా? నలుగురు కొడుకులు ఇంట్లనే ఉంటిరి. పొలం ఎవడు దున్నుతడు? పెద్దకోడలికి ఒక్కడన్న చెయ్యి సాయం పట్టడేంది?" అంది. అంత చక్కగా నేను కూడా చెప్పలేకపోయేదాన్ని. అంతా అని, మధ్యాహ్నం కాగానే, "చెవిటోని బొమ్మ పెడ్తరా ఇయ్యాల?" అని అడిగింది. కుట్లు విప్పేదాకా రోజూ అడిగింది. తివారీ కాదనలేదు. పెట్టాను. కుట్లు విప్పాక బరువులు ఎత్తకూడదని కొడుక్కీ ఆమెకూ చెప్పి పంపాం. రెండుసార్లు చెకప్‌కు వచ్చింది, గాయం బాగా మానింది. ఆ తర్వాత రాలేదు. రాకపోవడం మా లెక్కలో మంచి వార్త.

ఇక్కడితో ఆగితే బాగుండేది. తివారీ నెలవారీ మీటింగులో ఈ సంగతి చెప్పాడు. వెల్ఫేర్ ఆఫీసరు ఒకాయన, జీవితంలో మంచం పక్కన నిలబడి ఎరగనివాడు, విని పులకించిపోయాడు. 'హాస్య చికిత్సా కక్ష', అంటే నవ్వించి నయంచేసే గది, అని హిందీలో బోర్డు పెట్టి, ఖాళీగా ఉన్న గదికి రంగులు వేయించి, గోడంత టీవీ కొనిపించాడు. రిబ్బను కత్తిరించారు. పాత సినిమా మాత్రం వద్దన్నారు. మసకగా ఉందిట, పై ఆఫీసువాళ్ళు వస్తే పరువు పోతుందిట. కొత్త కామెడీ షోలు పెట్టారు. మైకు పట్టుకున్నవాడు ఎప్పుడు ఏమంటాడో ఎవరికీ తెలియదు. మొదటి వారంలోనే హెర్నియా ఆపరేషన్ అయిన ఒకామె దిండు అందుకునేలోపు నవ్వు వచ్చేసి, నొప్పికి కేకపెట్టింది. కుట్లకేమీ కాలేదు. కానీ తర్వాత ఆ గదికి ఎవరూ వెళ్ళలేదు. కోవిడ్ వచ్చినప్పుడు అందులో ఆక్సిజన్ సిలిండర్లు పెట్టారు. ఆ గది రోగులకు ఉపయోగపడింది అప్పుడే.

నవ్వువల్ల రోగులు ఎంత శాతం త్వరగా కోలుకున్నారో రిపోర్టు రాయమని నాకు కాగితం వచ్చింది. కోలుకున్నది నవ్వువల్ల కాదు, దిండువల్ల అని ఒక్క వాక్యం రాసి పంపాను. కంపెనీ పత్రికలో ఫొటో వేశారు. అందులో టీవీ ఉంది, వెల్ఫేర్ ఆఫీసరు ఉన్నాడు. దిండు లేదు.

ఆ సినిమా ఇన్నేళ్ళుగా ఎందుకు నిలిచిందో ఈ రోజుకీ మనుషులు గొప్పగా మాట్లాడుతుంటారు. ఆప్యాయతలుట, ఉమ్మడి కుటుంబాలుట. నేను ఒప్పుకోను. ఏం రాబోతోందో అది ముందే చెబుతుంది, చెప్పినట్టే చేస్తుంది. అంతే దాని గొప్ప. భయపడుతున్న మనిషికి అది చిన్న విషయం కాదని మాత్రం ఒప్పుకుంటాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నా వార్డులో రెండు పద్ధతులు నడిపాను. సూది గుచ్చే ముందు, డ్రెయిన్ గొట్టం లాగే ముందు, ప్లాస్టర్ ఊడదీసే ముందు, రోగి భాషలో ఒక మాట చెప్పి, ఆమె ఊపిరి బిగపట్టేదాకా ఆగి, అప్పుడు చేయాలి. రెండోది, కొత్తగా ఆపరేషన్ అయి వచ్చినామెను, అదే రకం కోత పడి లేచి తిరుగుతున్న మనిషి పక్క మంచంలో వేయాలి. ఏ మంచం ఎవరికన్నది సిస్టర్ ఇన్‌ఛార్జి అధికారంలోనే ఉంటుంది. దానికి ఆర్డరు అక్కర్లేదు, రిబ్బనూ అక్కర్లేదు.